విండోస్‌లో గ్రెప్, మేక్, బైసన్ లాంటివన్నీ ఏ ఫోల్డర్లో పెడుతున్నారు? ల్యాబు కోసం సలహా కావాలి

నాగావళి_ఒడ్డు · శ్రీకాకుళం · సోమవారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం ఊరి బయట ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. అన్నీ విండోస్ మిషన్లే, కొన్ని 10, కొన్ని 11. ఓఎస్ ల్యాబుకీ, కంపైలర్ డిజైన్ ల్యాబుకీ జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్, గ్రెప్, సెడ్, ఆక్ (సి కంపైలరూ, ప్రోగ్రాములు కట్టే, టెక్స్టు వెతికే యునిక్స్ టూల్సూ) కావాలి. ఇన్నాళ్ళూ ఏ సారు ఏది అడిగితే అది దింపడం, నెక్స్ట్ నెక్స్ట్ ఫినిష్ కొట్టడం, అంతే. ఇప్పుడు ఒక మిషన్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘వేర్ గ్రెప్’ (గ్రెప్ ఎక్కడెక్కడ ఉందో చూపించు) అంటే ఇదీ వరస:

సి:\ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)\గ్నూవిన్32\బిన్\గ్రెప్.ఈఎక్స్ఈ
సి:\సిగ్విన్64\బిన్\గ్రెప్.ఈఎక్స్ఈ
సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\గిట్\యుఎస్ఆర్\బిన్\గ్రెప్.ఈఎక్స్ఈ

పక్క మిషన్లో ఇదే వరస తలకిందులు. ఒక గుంటడి మేక్‌ఫైల్ ఇక్కడ నడుస్తుంది, పక్క సీటులో చతికిలపడుతుంది. వచ్చే సెలవుల్లో అన్నీ తుడిచి కొత్తగా పెడదామని ఉంది.

స్టూడెంట్లకి అడ్మిన్ హక్కులు లేవు, ఇవ్వను కూడా. జీసీసీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ప్రతి మిషన్లో పాత్ (కమాండ్ కొడితే విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) దిద్దే ఓపిక లేదు. నా సొంత ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ చిన్నది, సరుకంతా డి లోనే. అక్కడా ఇదే అమరిక పనిచేయాలి. కొందరు పిల్లలు పెన్‌డ్రైవులో కాపీ అడుగుతారు, ఊళ్ళో నెట్ అంతంతమాత్రం కదా.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే పెట్టాలా, సి:\టూల్స్ అని ఒకటి తెరవాలా, లేక లైనక్స్‌లో లాగా యుఎస్ఆర్, లోకల్, బిన్ అని చెట్టు కట్టాలా? మీరంతా ఏం చేస్తున్నారు?

గంటస్తంభం · మోడరేటర్ · విజయనగరం · సోమవారం రాత్రి 8:52

కొత్తవాళ్ళకి గుర్తు చేస్తున్నా: ఇక్కడ కమాండ్లూ ఫోల్డర్ పేర్లూ తెలుగు లిపిలోనే రాసుకుంటాం, మీ మిషన్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. ఈమధ్య ఒకాయన చదివినది చదివినట్టు తెలుగులోనే ఫోల్డర్ చేసి, పనిచేయడం లేదని మనమీదే కోప్పడ్డారు.

పలాస_జీడిపప్పు · సోమవారం రాత్రి 9:05

డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) పెట్టెయ్ గురూ. ఉబుంటు వచ్చేస్తుంది, ఫోల్డర్ల గొడవే ఉండదు. 2025లో కూడా విండోస్ మీద గ్రెప్ ఏటి?

నాగావళి_ఒడ్డు · సోమవారం రాత్రి 9:17

ఆ మాట మొదట నేనూ అనుకున్నాను. మా పాత మిషన్లలో ర్యామ్ 4 జీబీ. వర్చువలైజేషన్ బయోస్‌లో ఆపేసి ఉంది, దానికి పాస్‌వర్డ్ పెట్టిన మనిషి కాలేజీ వదిలి వెళ్ళిపోయాడు. పైగా మా సార్లకి డబుల్ క్లిక్ చేస్తే నడిచే విండోస్ ఈఎక్స్ఈ కావాలి. టర్బో సి వదిలించడానికే తలప్రాణం తోకకొచ్చింది, సి:\టర్బోసి3 ఫోల్డర్ ఇంకా రెండు మిషన్లలో ఉంది చూడండి.

బొబ్బిలి_బ్యాష్ · సోమవారం రాత్రి 9:31

పలాస తమ్ముడూ, వర్చువలైజేషన్ అక్కర్లేని మొదటి రకం డబ్ల్యూఎస్ఎల్ కూడా ఉంది, అది వేరే సంగతి. రెండో రకంలో లైనక్స్ ఫైళ్ళు విడి డిస్క్‌లో ఉంటాయి. అక్కడి నుంచి ఎంఎన్‌టి\సి మీదుగా విండోస్ ఫైళ్ళు ముట్టుకుంటే పని బాగా నెమ్మదిస్తుంది. పెద్ద ప్రాజెక్టు మీద గిట్ స్టేటస్ కొట్టి చూడు, తెలుస్తుంది.

ఇంకోటి. డబ్ల్యూఎస్ఎల్ ఆన్ చేస్తే సిస్టమ్32లోకి ఒక బ్యాష్.ఈఎక్స్ఈ వచ్చి కూర్చుంటుంది. గిట్ బ్యాష్ కోసం కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాష్ అని కొడితే ముందు ఇదే లేస్తుంది. అంటే ఫోల్డర్ల గొడవ పోలేదు, ఇంకొకటి పెరిగింది.

పాతకాపు · విజయనగరం · సోమవారం రాత్రి 10:20

నాయనా నాగావళీ, ఏ ఫోల్డర్ అన్న ప్రశ్న తరవాత. ముందు నీ దగ్గరున్న సరుకుని రెండు కుప్పలు చెయ్.

ఒక కుప్ప తన ఊరు తనతో తెచ్చుకునే రకం. సిగ్విన్, ఎంసిస్2, గిట్ ఫర్ విండోస్ ఇందులోకి వస్తాయి. సిగ్విన్ 1995లో సిగ్నస్ అనే కంపెనీలో పుట్టింది, ఎంసిస్2 దాని కొమ్మే, గిట్ బ్యాష్ ఈ కొమ్మకి రెమ్మ. వీటిలోని గ్రెప్ లాంటివి మామూలు విండోస్ ప్రోగ్రాములు కావు. సిగ్విన్1.డిఎల్ఎల్ లేదా ఎంసిస్-2.0.డిఎల్ఎల్ అనే లైబ్రరీ ఫైలు పక్కనుంటేనే బతుకుతాయి. ఆ డిఎల్ఎల్ ఎక్కడుందో చూసుకుని దాన్నిబట్టి ‘స్లాష్ అంటే ఇది’ అని రూటు తేల్చుకుంటాయి. సి:\సిగ్విన్64\బిన్‌లో డిఎల్ఎల్ ఉంటే సి:\సిగ్విన్64 రూటు అయిపోతుంది. సరిగ్గా ఇక్కడే జనం బోల్తాపడతారు. గ్రెప్‌నీ డిఎల్ఎల్‌నీ కలిపి సి:\టూల్స్\బిన్‌లోకి కాపీ చేస్తారు. అప్పుడు దానికి రూటు సి:\టూల్స్. ఈటీసీ\ఎఫ్ఎస్‌ట్యాబ్ లేదు, టిఎంపి లేదు, హోమ్ లేదు. గ్రెప్ ఎలాగో నడుస్తుంది, టెంపరరీ ఫైలు రాయాల్సిన షెల్ స్క్రిప్టు మాత్రం అక్కడే కూలబడుతుంది. అసలు దోషం ఎక్కడుందో ఆ ఎర్రర్ చూసి ఎవడూ పోల్చుకోలేడు.

రెండో కుప్ప ఒంటరి ఈఎక్స్ఈలు. రిప్‌గ్రెప్, జేక్యూ, బిజీబాక్స్ విండోస్ బిల్డ్, గ్నూవిన్32, పాత అన్‌ఎక్స్‌యుటిల్స్. ఇవి మామూలు విండోస్ ప్రోగ్రాములే, గ్నూవిన్32 వాటి పక్కనుండే డిఎల్ఎల్‌లు కూడా తీసుకెళ్తే ఎక్కడ పెట్టినా నడుస్తాయి. ఒక్క మినహాయింపు ఉంది, రేపు చెప్తాను.

మొదటి కుప్పని ముక్కలు చేయకు. రెండో కుప్ప నీ ఇష్టం. ఇంకో మాట, సిగ్విన్ డిఎల్ఎల్‌లు రెండు వేరు వెర్షన్లు ఒకే పాత్‌లో ఉంటే ఊరికి ఇద్దరు కరణాలు ఉన్నట్టే. ఫోర్క్ (ఒక ప్రోగ్రాము తన నకలు పుట్టించే పని) దగ్గర తగువు మొదలవుతుంది.

పలాస_జీడిపప్పు · సోమవారం రాత్రి 10:26

బాబాయ్ వచ్చారంటే ఇక నిద్ర పట్టినట్టే.

పొందూరు_పత్తి · మంగళవారం ఉదయం 7:15

నమస్తే అండీ, నేను మూడో సంవత్సరం సీఎస్ఈ. నా సందేహం ఇందులోకి వస్తుందో రాదో తెలీదు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అన్నయ్య యూజర్ పేరు తెలుగులో పెట్టాడు. సి:\యూజర్స్ కింద నా ఫోల్డర్ పేరు తెలుగు అక్షరాల్లోనే ఉంది. గిట్ బాగానే పనిచేస్తోంది. కానీ కాలేజీలో ఇచ్చిన పాత బైసన్ పెడితే ఫైలు దొరకలేదంటోంది, ఎర్రర్‌లో నా పేరు ఉండాల్సిన చోట అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి. టెంప్ ఫోల్డర్ కూడా అందులోనే ఉంది కదా, దానివల్లా?

బొబ్బిలి_బ్యాష్ · మంగళవారం ఉదయం 8:02

దానివల్లే అమ్మా. భలే మంచి ఉదాహరణ దొరికింది.

పాత ప్రోగ్రాములు విండోస్‌ని ఫైలు పేరు అడిగేటప్పుడు యూనికోడ్‌లో అడగవు, ఆన్సీ కోడ్ పేజీలో (ఒక్కో లిపికి ఉండే పాతకాలపు అక్షరాల పట్టికలో) అడుగుతాయి. రష్యన్‌కి, గ్రీకుకి, అరబ్బీకి విండోస్‌లో అలాంటి పేజీలున్నాయి. తెలుగుకి లేదు, హిందీకీ లేదు. మన భాషలు విండోస్‌లోకి వచ్చిందే యూనికోడ్‌తో. కాబట్టి నీ పేరులో ప్రతి అక్షరం ప్రశ్నార్థకం అయిపోతుంది, ఆ పేరుతో డిస్క్ మీద ఏ ఫోల్డరూ ఉండదు. 1903 వెర్షన్ నుంచి ప్రోగ్రాము రాసేవాళ్ళు తమదాన్ని యూటీఎఫ్-8కి మార్చుకునే వీలు విండోస్ 10లో వచ్చింది, కానీ అంతకు చాలా ముందు కట్టిన గ్నూవిన్32 బైసన్‌కి అదేం తెలుస్తుంది?

యూజర్ ఫోల్డర్ పేరు మార్చడానికి రిజిస్ట్రీలో వేలు పెట్టకు. సి:\టెంప్ అని ఒకటి చేసి, టెంప్, టిఎంపి అనే రెండు వేరియబుల్స్‌నీ నీ యూజర్ వరకు అటు తిప్పు. టూల్స్ కూడా యూజర్ ఫోల్డర్ బయటే ఉంచు. కుదిరితే ఇంగ్లీషు పేరుతో ఇంకో లోకల్ అకౌంటు తెరుచుకోవడం ఇంకా మేలు.

పాతకాపు · మంగళవారం ఉదయం 10:45

రాత్రి చెప్తానన్న మినహాయింపు ఇదే, బైసన్. అది ఒంటరి ఈఎక్స్ఈలా కనిపిస్తుంది కానీ లోపల ఎం4 అనే ఇంకో ప్రోగ్రామునీ, షేర్\బైసన్ కింద ఉన్న ఫైళ్ళనీ పిలుచుకుంటుంది. గ్నూవిన్32 ఇన్‌స్టాలర్ తనంతట తాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెడుతుంది. ఆ పేరు మధ్యలో ఖాళీ ఉంది కదా, ఎం4కి పంపేటప్పుడు దారి అక్కడే విరిగిపోతుంది. మేక్‌దీ ఇదే జబ్బు. మేక్‌కి ఖాళీ అంటే ఒక పేరు ముగిసింది, ఇంకోటి మొదలైంది అని అర్థం. టార్గెట్‌లో, డిపెండెన్సీలో కొటేషన్లు తగిలించినా వినదు.

అందుకని ప్రోగ్రామ్ ఫైల్స్ ప్రస్తావన ఇక వద్దు. ప్రోగ్రా~1 అని పొట్టి పేరు వాడుకోవచ్చనేవాళ్ళు ఉంటారు, కానీ పొట్టి పేర్లు తయారుకావడం కొన్ని డ్రైవుల మీద ఆపేసి ఉంటుంది. దాని మీద ఇల్లు కట్టకు.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా వద్దు. వన్‌డ్రైవ్ వాటిని తన కిందకి లాగేసుకుంటుంది, జీసీసీలోని వేల ఫైళ్ళూ మబ్బులోకి ఎక్కిస్తూ కూర్చుంటుంది.

నాగావళి_ఒడ్డు · మంగళవారం మధ్యాహ్నం 1:30

చాలా విలువైన మాటలు. మా బైసన్ గోల ఇదేనని ఇప్పుడు అర్థమైంది, ఆ సారు ఏడాదిగా వైరస్ అంటున్నారు.

సరే, ఇదీ నా ఆలోచన:

సి:\డెవ్\బిన్ : పాత్‌లో ఇది ఒక్కటే
సి:\డెవ్\యాప్స్\పేరు\వెర్షన్ : ఒంటరి టూల్స్ ఒక్కోటి ఒక్కో ఫోల్డర్లో
సి:\ఎంసిస్64 : దాని మానాన అది, ముట్టుకోను
సిగ్విన్, గ్నూవిన్32 తీసేయడం

యుఎస్ఆర్, లోకల్ చెట్టు కట్టాలన్న కోరిక ఇంకా ఉంది, కానీ అవసరమా?

పాతకాపు · మంగళవారం మధ్యాహ్నం 2:10

అవసరం లేదు. యునిక్స్‌లో ఆ చెట్టు ఎందుకొచ్చింది? ఒక టూల్ ఫైళ్ళు బిన్‌లో కొన్ని, లిబ్‌లో కొన్ని, షేర్‌లో కొన్ని చిమ్మి ఉంటాయి. ఏది ఎవరిదో ప్యాకేజీ మేనేజర్ లెక్క రాసుకుంటుంది. నీకు ఆ లెక్క రాసేవాడు ఎవడున్నాడు? జిప్పులు విప్పి ఒకే చెట్టులో కలిపేస్తే, రేపు ఒక టూల్ తీసేయాలంటే దాని ఫైళ్ళు ఏవో ఏరుకోలేవు. లైనక్స్‌లోనే చేత్తో దించిన వాటికి ఆప్ట్\పేరు అని విడి ఫోల్డర్ ఇచ్చే అలవాటుంది. నీ యాప్స్\పేరు అదే. చాలు.

బొబ్బిలి_బ్యాష్ · మంగళవారం సాయంత్రం 6:48

అమరిక బాగుంది. ఒక కీలు తక్కువైంది. యాప్స్\పేరు\వెర్షన్ అని పెట్టి, బిన్ నుంచి ఆ వెర్షన్ నంబరుకే దారి ఇస్తే, వెర్షన్ మారిన ప్రతిసారీ బిన్‌లో దిద్దాలి. మధ్యలో ‘కరెంట్’ అని ఒక జంక్షన్ పెట్టండి. ఎంకేలింక్ /జె కరెంట్ 14.1 అంటే చాలు, కరెంట్ అనే ఫోల్డర్ 14.1 వైపు చూస్తుంది. బయట ఎవరు ఏం రాసుకున్నా యాప్స్\పేరు\కరెంట్ అనే రాసుకుంటారు. కొత్తది వస్తే పక్కన విప్పడం, జంక్షన్ తీసి కొత్తదాని మీదికి తిప్పడం. నచ్చకపోతే వెనక్కి తిప్పడం. జంక్షన్ తీసేటప్పుడు ఉత్త ఆర్‌ఎండైర్ చాలు, స్లాష్ ఎస్ తగిలించకండి.

స్కూప్ అనే ఇన్‌స్టాలర్ చేసేది సరిగ్గా ఇదే: యాప్స్ కింద పేరు, దాని కింద వెర్షన్, పక్కన కరెంట్ జంక్షన్, పాత్‌లోకి షిమ్స్ (అసలు ప్రోగ్రాముని పిలిచే చిన్న ఫైళ్ళు) ఫోల్డర్ ఒక్కటి. నా లెక్కలో ఒక్క మనిషి ల్యాప్‌టాప్‌కి స్కూప్‌ని మించింది లేదు, అడ్మిన్ అడగదు కూడా. స్కూప్ అనే వేరియబుల్‌లో డి డ్రైవ్ దారి ఇచ్చి ఆ తరవాత ఇన్‌స్టాల్ చేస్తే మీ ల్యాప్‌టాప్‌లో డి లోనే ఉంటుంది.

సిమ్‌లింక్‌కీ జంక్షన్‌కీ తేడా అడుగుతారేమో. సిమ్‌లింక్ చేయాలంటే అడ్మిన్ అయినా కావాలి, డెవలపర్ మోడ్ అయినా ఆన్‌లో ఉండాలి. జంక్షన్‌కి రెండూ అక్కర్లేదు. కాకపోతే జంక్షన్ ఫోల్డర్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ దారికి పనికిరాదు.

పలాస_జీడిపప్పు · మంగళవారం సాయంత్రం 7:03

బిన్‌లో ఏం పెడతారు మరి? షార్ట్‌కట్‌లా?

బొబ్బిలి_బ్యాష్ · మంగళవారం సాయంత్రం 7:20

షార్ట్‌కట్ కాదు. ఒక్క లైను సీఎండీ ఫైలు. అందులో ‘పర్సెంట్ టిల్డ్ డిపి0’ అని మొదలుపెడితే ఆ సీఎండీ ఫైలు ఉన్న ఫోల్డర్ అని అర్థం. అక్కడి నుంచి ..\యాప్స్\పేరు\కరెంట్\పేరు.ఈఎక్స్ఈ అని రాసి చివర పర్సెంట్ స్టార్ పెట్టాలి. డ్రైవ్ అక్షరం ఎక్కడా రాలేదు గమనించండి. సి లో ఉన్నా, డి లో ఉన్నా, పెన్‌డ్రైవులో ఉన్నా అదే ఫైలు నడుస్తుంది.

రెండు తిరకాసులు. ఒకటి, ఇంకో బ్యాచ్ ఫైలులోంచి దీన్ని పిలిచేటప్పుడు ముందు ‘కాల్’ పెట్టకపోతే కంట్రోలు వెనక్కి రాదు, మిగతా లైన్లు నడవవు. రెండు, కొన్ని ప్రోగ్రాములు ఈఎక్స్ఈ అయితేనే పిలుస్తాయి, సీఎండీని చూడవు. స్కూప్ వాళ్ళ షిమ్‌లు చిన్న ఈఎక్స్ఈలుగా ఉండడానికి కారణం ఇదే.

జీసీసీని మాత్రం ఎప్పుడూ బిన్‌లోకి కాపీ చేయకండి. తను కూర్చున్న చోటు చూసుకుని అక్కడి నుంచి సిసి1, యాజ్, ఎల్‌డి అనే తన సహాయ ప్రోగ్రాముల్ని వెతుక్కుంటుంది.

టెక్కలి_గేట్‌కీపర్ · మంగళవారం రాత్రి 9:40

సిస్టమ్ అడ్మిన్‌ని, ఆలస్యంగా చూశాను. అమరిక అంతా బాగుంది గానీ అందరూ సి:\డెవ్ అనేస్తున్నారు, హక్కుల మాట ఎవరూ ఎత్తలేదు.

సి డ్రైవ్ మొదట్లో కొత్త ఫోల్డర్ చేస్తే పై నుంచి హక్కులు దిగుతాయి. మామూలుగా అందులో ‘అథెంటికేటెడ్ యూజర్స్’కి మోడిఫై ఉంటుంది. అంటే లాగిన్ అయిన ప్రతి పిల్లాడూ సి:\డెవ్\బిన్‌లో ఉన్నదాన్ని తీసి తనది పెట్టగలడు. ఆ ఫోల్డర్ సిస్టమ్ పాత్‌లో ఉందనుకోండి. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి మేక్ అన్నారు. ఆ మేక్ ఎవరిది? ప్రోగ్రామ్ ఫైల్స్‌కి ఈ తలనొప్పి లేదు, అక్కడ మామూలు యూజర్ రాయలేడు. ఖాళీ పుణ్యమా అని దాన్ని వదిలేశాం గనక ఆ కాపలా మనమే పెట్టుకోవాలి.

సి:\డెవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. ఇన్‌హెరిటెన్స్ ఆపమంటే ఉన్న హక్కుల్ని ఏం చేయమంటావని అడుగుతుంది, కన్వర్ట్ చేయమనండి. తరవాత జాబితాలోంచి అథెంటికేటెడ్ యూజర్స్ తీసేయండి. అడ్మినిస్ట్రేటర్స్, సిస్టమ్‌కి ఫుల్, యూజర్స్‌కి రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ మిగలాలి. సి:\ఎంసిస్64కీ ఇదే చేయాలి.

ఇది ఊహ కాదు. 2022 ఏప్రిల్‌లో గిట్ వాళ్ళు 2.35.2 హడావుడిగా విడుదల చేసింది ఇలాంటి దానికే. పలువురు వాడే విండోస్ మిషన్లో ఎవరైనా సి:\ లో .గిట్ ఫోల్డర్ పెడితే, రిపాజిటరీ బయట గిట్ నడిపిన ఇంకొకరికి అందులోని కాన్ఫిగ్ అంటుకునేది. సేఫ్.డైరెక్టరీ అనే సెట్టింగు అప్పుడే వచ్చింది.

నాగావళి_ఒడ్డు · మంగళవారం రాత్రి 10:05

గురువుగారూ, ఇది నిజంగా నా ఆలోచనలో లేదు. మా పిల్లలు వాల్‌పేపర్ మార్చే బ్యాచ్ ఫైలు ఒకరి మిషన్లో ఒకరు పెట్టుకునే రకం, ఇదొక్కటీ తెలిస్తే ఇంక చూడాలి.

ఇప్పుడు పాత్ సంగతి. ఫైండ్, సార్ట్ విండోస్‌వి సిస్టమ్32లో ఉన్నాయి. యునిక్స్‌వి కావాలంటే ఎంసిస్ యుఎస్ఆర్\బిన్‌ని ముందుకు తేవాలా?

టెక్కలి_గేట్‌కీపర్ · మంగళవారం రాత్రి 10:18

వద్దు. బాబ్బాబు, వద్దు.

విండోస్ ఫైండ్ ఫైలులో మాట వెతుకుతుంది, యునిక్స్ ఫైండ్ ఫైళ్ళనే వెతుకుతుంది. పేరు ఒకటి, పని వేరు. ఏ బ్యాచ్ ఫైలులోనో ‘టాస్క్‌లిస్ట్ | ఫైండ్’ అని ఉంటుంది. మీరు వరస మార్చిన రోజున అది చప్పుడు లేకుండా చెడిపోతుంది. గిట్ ఇన్‌స్టాలర్‌లో పాత్ గురించి మూడు ఎంపికలుంటాయి, మూడోదాని కింద ఫైండ్, సార్ట్‌లని మింగేస్తుందని హెచ్చరిక కూడా ఉంటుంది. మధ్యది తీసుకోండి.

విజువల్ స్టూడియో ఉన్న మిషన్లయితే ఇంకోటి: ఎంసిస్‌తో వచ్చే గ్నూ కమాండ్ల మూట కోర్‌యుటిల్స్‌లో లింక్.ఈఎక్స్ఈ ఉంది, మైక్రోసాఫ్ట్ లింకర్ పేరూ లింక్.ఈఎక్స్ఈయే.

యూజర్ పాత్‌లో పెడితే సరిపోతుంది కదా అంటారేమో. విండోస్ ముందు సిస్టమ్ పాత్ చూసి ఆ తరవాతే యూజర్ పాత్ చూస్తుంది. యూజర్ పాత్‌లో ఏం పెట్టినా సిస్టమ్32ని దాటలేదు, దాటకపోవడమే మంచిది.

పాతకాపు · మంగళవారం రాత్రి 10:40

టార్ కథ కూడా విను. 1803 వెర్షన్ నుంచి విండోస్ 10లోనే టార్, కర్ల్ వస్తున్నాయి, సిస్టమ్32లో ఉంటాయి. ఆ టార్ బిఎస్‌డి వంశం. ఎంసిస్‌లో ఉన్నది గ్నూ టార్. గ్నూ టార్‌కి సి:\బ్యాకప్.టార్ అని ఫైలు పేరు ఇస్తే, కోలన్ ముందున్న ‘సి’ ఏదో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ పేరు అనుకుని దాన్ని పిలవబోతుంది. సి అనే కంప్యూటర్ దొరకలేదని ఏడుస్తుంది. పాతకాలంలో టేపు డ్రైవు ఇంకో మిషన్‌కి ఉండేది కదా, ఆ వాసన. ఫోర్స్-లోకల్ అని ఆప్షన్ ఇస్తే ఊరుకుంటుంది.

ఏ టార్ నడుస్తోందో తెలియకుండా స్క్రిప్టు రాయకూడదు. కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ టార్ అను. పవర్‌షెల్‌లో అయితే వేర్.ఈఎక్స్ఈ అని పూర్తిగా కొట్టు, అక్కడ ఉత్త వేర్ ఇంకేదో. పాత పవర్‌షెల్ 5.1లో కర్ల్ అన్నా అసలు కర్ల్ రాదు, వాళ్ళ సొంత కమాండ్‌కి అది మారుపేరు.

పొందూరు_పత్తి · మంగళవారం రాత్రి 10:52

మరి యునిక్స్ ఫైండ్ కమాండ్ ప్రాంప్ట్‌లో కావాలంటే దారే లేదా తాతగారూ?

పాతకాపు · మంగళవారం రాత్రి 11:01

ఎందుకు లేదు తల్లీ. బిన్‌లో జీఫైండ్ అని పేరు పెట్టి ఒక షిమ్ చేసుకో, అది ఎంసిస్ లోపలి ఫైండ్‌ని పూర్తి దారితో పిలుస్తుంది. మ్యాక్‌లో హోమ్‌బ్రూ వాళ్ళు గ్నూ టూల్స్‌కి ఇలాగే ముందు జీ తగిలిస్తారు. కదిలించకుండా, పూర్తి దారితో పిలిచినంతకాలం దాని డిఎల్ఎల్, దాని రూటు దానికి దొరుకుతాయి.

బొబ్బిలి_బ్యాష్ · బుధవారం ఉదయం 6:55

జీసీసీ గురించి నాదొక భిన్నాభిప్రాయం. పాత్‌లో బిన్ ఒక్కటే అంటే ఎడిటర్లు జీసీసీ వెతుక్కోలేవు, సీఎండీ షిమ్‌ని కొన్ని ఎక్స్‌టెన్షన్లు ఒప్పుకోవు. ఎంసిస్‌లో యుసిఆర్‌టి64\బిన్‌ని కూడా పాత్‌లో పెట్టమంటాను. యుఎస్ఆర్\బిన్ వేరు, ఇది వేరు. ఇందులో ఉన్నవి నేటివ్ విండోస్ ప్రోగ్రాములు. ఇక్కడి జీసీసీతో కట్టినది ఎంసిస్ డిఎల్ఎల్ లేకుండానే నడుస్తుంది.

టెక్కలి_గేట్‌కీపర్ · బుధవారం ఉదయం 9:10

ఒప్పుకోను. ఆ ఫోల్డర్లో జెడ్‌లిబ్ లాంటి డిఎల్ఎల్‌లు బోలెడు వచ్చి చేరతాయి. తన డిఎల్ఎల్ తెచ్చుకోని ప్రోగ్రాము పాత్ వెంట వెతుక్కుంటూ వచ్చి వాటిని పట్టుకుంటుంది. నెలల తరవాత ఇంకేదో సాఫ్ట్‌వేర్ పగిలితే కారణం ఇక్కడుందని ఎవరూ ఊహించరు. డెస్క్‌టాప్ మీద ‘సి ల్యాబు’ అని ఒక బ్యాచ్ ఫైలు ఉంచండి. అది ఆ విండో వరకే పాత్ ముందు యుసిఆర్‌టి64\బిన్ తగిలించి, అక్కడి నుంచే ఎడిటర్ తెరుస్తుంది. విండో మూస్తే ఏ మచ్చా మిగలదు.

బొబ్బిలి_బ్యాష్ · బుధవారం ఉదయం 9:24

ల్యాబుకి అయితే మీ మాటే. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం పాత్‌లోనే ఉంచుకుంటాను, తీయమన్నా తీయను. అన్నట్టు నాగావళి గారూ, సి ప్లస్ ప్లస్ ఈఎక్స్ఈని పిల్లలు ఇంటికి తీసుకెళ్తే లిబ్‌ఎస్‌టిడిసి++ డిఎల్ఎల్ లేదంటుంది. లింకు చేసేటప్పుడు -స్టాటిక్ పెట్టించండి.

పలాస_జీడిపప్పు · బుధవారం మధ్యాహ్నం 12:40

పాత్ మార్చడానికి సెట్ఎక్స్ వాడొచ్చా? అన్ని మిషన్లకీ ఒకే బ్యాచ్‌తో పోతుంది కదా.

టెక్కలి_గేట్‌కీపర్ · బుధవారం మధ్యాహ్నం 12:58

సెట్ఎక్స్ 1024 అక్షరాలు దాటినదాన్ని కత్తిరించి పారేస్తుంది. కాలేజీ మిషన్లలో పాత్ అంతకంటే పొడుగే ఉంటుంది. పైగా సెట్ఎక్స్ పాత్ అని రాసి పక్కన పాత పాత్‌ని పర్సెంట్ గుర్తుల మధ్య పెడితే, సిస్టమ్ పాత్ యూజర్ పాత్ రెండూ కలిసి యూజర్ పాత్‌లో పడతాయి. పవర్‌షెల్‌లో ఎన్విరాన్‌మెంట్ క్లాసులోని సెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్ వాడు, ముందు పాతదాన్ని ఒక టెక్స్ట్ ఫైలులోకి దింపుకుని. మార్పు అప్పటికే తెరిచి ఉన్న విండోలకి తెలియదు, కొత్త విండో తెరవాలి.

నాగావళి_ఒడ్డు · గురువారం రాత్రి 8:15

ఒక మిషన్ మీద మొత్తం చేసి చూశాను. గ్నూవిన్32, సిగ్విన్ తీసేశాను. గిట్ మళ్ళీ మధ్య ఎంపికతో పెట్టాను. సి:\ఎంసిస్64లో యుసిఆర్‌టి64 జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్ పెట్టాను, ‘సి ల్యాబు’ బ్యాచ్ వాటిని తెరుస్తోంది. అందులో మాత్రం యుసిఆర్‌టి64\బిన్ పాత్ మొదట, యుఎస్ఆర్\బిన్ పాత్ చివర పెట్టాను. అలా పెడితే ఫైండ్, సార్ట్, టార్ విండోస్‌వే మిగులుతున్నాయి, ఫ్లెక్స్ బైసన్ దొరుకుతున్నాయి. సి:\డెవ్‌కి హక్కులు బిగించాను, స్టూడెంట్ లాగిన్‌తో అందులో ఫైలు పెట్టబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. ఎం4 గొడవ లేకుండా బైసన్ వై.ట్యాబ్.సి ఇచ్చింది. వైరస్ అన్న సారుకి చూపించాను, ‘యాంటీవైరస్ మార్చావా’ అన్నారు.

ల్యాప్‌టాప్‌లో డి:\డెవ్. బిన్ ఫోల్డర్ ఇక్కడిది అక్కడ దింపితే ఒక్క అక్షరం మార్చకుండా షిమ్‌లన్నీ లేచాయి. జీఫైండ్ ఒక్కటే ఎంసిస్ పూర్తి దారి కాబట్టి దిద్దాల్సి వచ్చింది.

ఇక పెన్‌డ్రైవ్. కాపీ చేస్తే కరెంట్ అన్న జంక్షన్లు పోయి మామూలు ఫోల్డర్లయ్యాయి, ప్రతి టూల్ రెండుసార్లు వచ్చింది.

బొబ్బిలి_బ్యాష్ · గురువారం రాత్రి 8:33

పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉంటుంది, వాటిలో జంక్షన్లు ఉండవు. అక్కడికి వెర్షన్ ఫోల్డర్లు వద్దు. యాప్స్\పేరు\కరెంట్ అని మామూలు ఫోల్డర్‌గానే ఒకటి ఉంచండి, షిమ్‌లకి తేడా తెలియదు. ఎంసిస్2ని మాత్రం పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించకండి. ఎన్‌టీఎఫ్ఎస్ మీదే, పొట్టి ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్లోనే పెట్టమని వాళ్ళే చెప్తారు. పిల్లలకి డబ్ల్యూ64డెవ్‌కిట్ ఇవ్వండి: జీసీసీ, జీడీబీ, మేక్, బిజీబాక్స్ అన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటాయి, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఫ్లెక్స్ బైసన్‌కి విన్‌ఫ్లెక్స్‌బైసన్ జిప్పు పక్కన పెట్టండి, ఈఎక్స్ఈల పేర్లు విన్_ఫ్లెక్స్, విన్_బైసన్ అని ఉంటాయి, మేక్‌ఫైల్‌లో అది చెప్పాలి.

పొందూరు_పత్తి · గురువారం రాత్రి 8:50

సార్, ఆ పెన్‌డ్రైవ్ కాపీ బయటివాళ్ళకి ఇస్తారా? టెంప్ మార్చాక బైసన్ పనిచేసింది కానీ మా క్లాసులో సగంమంది మేక్ దగ్గరే ఆగిపోయారు.

నాగావళి_ఒడ్డు · గురువారం రాత్రి 9:02

తప్పకుండా అమ్మా. అన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లే, ఇవ్వడానికేం. శనివారం మీ క్లాసు నుంచి ఎవరినైనా ఖాళీ పెన్‌డ్రైవ్‌తో పంపించు. మేక్‌ఫైల్‌లో వాడే పేర్లు వేరియబుల్స్‌గా పైనే పెట్టి ఒక నమూనా ఫైలు కూడా వేస్తాను. ల్యాబులో ఫ్లెక్స్, ఇంట్లో విన్_ఫ్లెక్స్, ఆ ఒక్క లైను మార్చుకుంటే సరి.